ఇనపకొండ మీద ఊట నీళ్ళు

రాజహరా గనుల పక్క కొండల్లో ఒక ఊట ఉంది. పొద్దు గూకాక దాని దగ్గరకి ఎవరూ వెళ్ళరు. వెళ్ళినవాళ్ళని ఒక ఆడమనిషి పిలుస్తుంది... ఎవరి భాషలో వాళ్ళని పిలుస్తుంది.

బెంగాలీ సర్వేయరు వెళ్తే బెంగాలీలో పిలిచిందట. పంజాబీ డ్రైవరు వెళ్తే పంజాబీలో. రష్యా నుంచి వచ్చిన ఇంజనీరొకాయన్ని చక్కటి రష్యన్‌లో పిలిచిందనీ, ఆయన ఆ వారమే సామాన్లు సర్దుకున్నాడనీ భిలాయి సుపేలా బజారులో చెప్పుకునేవారు. భిలాయి సంగతి తెలిసిందే కదా. రాజహరా ఇనపరాయితో నడిచే ఉక్కు కర్మాగారం కోసం దేశం నలుమూలల జనమూ వచ్చి పడ్డ ఊరు. ఇక్కడ నెగ్గుకు రావాలంటే నాలుగు భాషలు రావాలి, దెయ్యానికైనా తప్పదు.

ఈ కథ మాకు చెప్పినవాడు పరబ్రహ్మం. విజయనగరం మనిషి, రైల్‌మిల్లులో ఫోర్‌మన్. ఎవరైనా తమ పిరికితనాన్ని దాచుకుంటారు. అతను మాత్రం టీ తెప్పించి, కుర్చీలు వేయించి మరీ చెప్పేవాడు. నేను విన్నది విన్నట్టు చెబుతున్నాను. గొప్పలూ అతనివే, వెక్కిరింపూ అతనిదే.

పరబ్రహ్మానికి దెయ్యాల మీద నమ్మకం లేదు. అంటే... పగలు లేదు.

పైగా అతని దగ్గర ఒక సిద్ధాంతం కూడా ఉండేది. షిఫ్టు దిగి వచ్చి అరుగు మీద కూర్చుని అందరికీ బోధించేవాడు.

"దెయ్యం ఇనుముకి జడుస్తుందా, లేదా? పచ్చి బాలింత మంచం కింద కత్తిపీట ఎందుకు పెడతారు? మరి రాజహరా కొండంతా ఇనుమే కదయ్యా! ఆ కొండ మీద దెయ్యం కాలు ఎక్కడ పెడుతుంది?"

దెయ్యం లేదని చెప్పడానికి దెయ్యాల శాస్త్రమే వాడుతున్నానన్న సంగతి అప్పుడు అతనికి తట్టలేదు. వినేవాళ్ళకీ తట్టలేదు. అందరూ తల ఊపారు.

అరవై మూడో సంవత్సరం వేసవి అది. అతని భార్య జ్ఞానప్రసూనకి నాలుగో నెల. అంతకుముందు రెండుసార్లు నిలిచినట్టే నిలిచి పోయాయి. ఇది మూడోది. వేవిళ్ళు అందరికీ ఉంటాయి గానీ, ఈమెకి అన్నం మాట దేవుడెరుగు, మంచినీళ్ళే ఇమడటం లేదు. క్వార్టర్లో కుళాయి నీళ్ళు గ్లాసులో పోస్తే చాలు, ఆ మందు వాసనకి కడుపులో దేవేది. కాచి ఇచ్చారు, తులసాకు వేసి ఇచ్చారు, పక్క సెక్టారు నుంచి బావి నీళ్ళు తెప్పించారు. ఏదీ నిలవలేదు. పెదాలు ఎండిపోయి, మాట కూడా మెల్లగా వచ్చేది.

ఆస్పత్రిలో రెండుసార్లు సెలైను ఎక్కించారు. డాక్టరమ్మ పరబ్రహ్మాన్ని పక్కకి పిలిచి, "సోమవారం పొద్దుటికి నోటితో నీళ్ళు తాగలేకపోతే మళ్ళీ చేర్చేయండి. తల్లికి భయం లేదు. బిడ్డ సంగతి మాత్రం నేను చెప్పలేను" అంది.

రాత్రి ప్రసూన గోడ వైపు తిరిగి పడుకుని, "సింహాచలం గంగధార దగ్గర దోసిలి పట్టి తాగేవాళ్ళం, గుర్తుందాండీ? అలాంటి నీళ్ళు ఒక్క గుక్కెడు..." అని ఆగిపోయింది. పరబ్రహ్మం బయటికి వెళ్ళి అరుగు మీద కూర్చుని ఏడ్చాడు.

గంగధార ఎక్కడ, భిలాయి ఎక్కడ! అప్పుడే లారీ డ్రైవరు పోలయ్య ఒక సీసా పట్టుకొచ్చాడు. గనులకి సామాన్లు తోలే మనిషి, శ్రీకాకుళం వాడు. పట్టపగలు వెళ్ళి, రాజహరా ఊటలో సీసా ముంచి, వెనక్కి చూడకుండా పరిగెత్తుకొచ్చానని వాడే చెప్పాడు. ప్రసూన ఆ నీళ్ళు తాగింది. పావుగంట అయింది... అరగంట అయింది... కడుపులోనే నిలిచాయి.

సీసా ఎంతసేపు వస్తుంది? మర్నాటికి అయిపోయింది. పోలయ్య లారీ మళ్ళీ గనులకి వెళ్ళేది శనివారం. సోమవారం డాక్టరమ్మ గడువు. శనివారం మధ్యాహ్నం మొదటి షిఫ్టు దిగీ దిగగానే పరబ్రహ్మం పెద్ద అల్యూమినియం క్యాను పట్టుకుని లారీ ఎక్కాడు.

ప్రసూనకి తోడుగా పక్కింటి కామాక్షమ్మగారు పడుకుంటానన్నారు. బయల్దేరేముందు ఆవిడ గుమ్మంలోకి వచ్చి గొంతు తగ్గించారు.

"నాయనా, చీకటి పడ్డాక ఎవరైనా పిలిస్తే వెంటనే పలక్కు. మూడోసారి దాకా ఆగు. మనిషైతే మూడుసార్లు పిలుస్తుంది. అది రెండుసార్లే పిలుస్తుంది."

"మా ఊళ్ళోనూ అదే మాట అనేవారండీ పిన్నిగారూ" అని పరబ్రహ్మం నవ్వాడు. నవ్వాడు గానీ, మాట మాత్రం భద్రంగా మనసులో పెట్టుకున్నాడు.

వెలుగుండగానే నీళ్ళు పట్టుకుని దిగిపోవాలని లెక్క. బాలోద్ దాటాక టైరు పంచరైంది. స్పేరు టైరు చూస్తే అందులోనూ గాలి లేదు. లారీ కొండ కిందకి చేరేసరికి చీకటి పడింది.

పోలయ్య ఇంజను ఆపకుండానే అన్నాడు. "సారూ, నాను రాను. మీరు ఏటనుకున్నా సరే, రాను. స్టోర్స్‌లో సామాను దించీసి రొండు గంటల్లో వొస్తాను. హారన్ కొడతాను. దిగిపోండి."

"నువ్వు రాకపోయినా ఫరవాలేదోయ్. కొండంతా ఇనుమే" అన్నాడు పరబ్రహ్మం.

లారీ దీపాలు మలుపు తిరిగేదాకా అతను ధైర్యంగానే ఉన్నాడు.

కాలిబాట సన్నంగా ఉంది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. టార్చి వెలుగులో ఎర్రమట్టి, రాళ్ళు, ఎండిన టేకాకులు. కాలేస్తే ఆకులు చప్పుడు చేసేవి. ఆగితే... ఆ చప్పుడు ఇంకో క్షణం తర్వాత ఆగుతున్నట్టు అనిపించేది.

ఊట చేరాడు. రెండు బండల మధ్య చీలిక. అందులోంచి బొటనవేలంత ధార, కింద చిన్న గుంట. చల్లగాలి తగిలింది. ఇదేనా ఇంత చెడ్డపేరు తెచ్చుకున్నది అనుకుని, ధార కింద క్యాను ఆనించి కూర్చున్నాడు. నిండటానికి అరగంట పట్టేలా ఉంది. బ్యాటరీ మిగుల్చుకుందామని టార్చి ఆర్పాడు. అది జీవితంలో తను చేసిన పెద్ద పొదుపని తర్వాత చెప్పుకునేవాడు.

చీకటి. క్యానులో నీళ్ళు పడుతున్న చప్పుడు. ఇంకేమీ లేదు...

"ఓ బాబూ..."

పరబ్రహ్మం చెయ్యి టార్చి మీదకి వెళ్ళింది. వెలిగిస్తే తనే కనబడిపోతాడని వెనక్కి తీసుకున్నాడు.

ఆడగొంతు. బాట కిందనుంచి, లోయ వైపు నుంచి. సన్నగా, నీరసంగా.

"...ఎవులక్కడ?"

తెలుగు! ఛత్తీస్‌గఢీ తప్ప ఇంకో మాట వినపడని ఆ కొండల్లో, అచ్చమైన విజయనగరం తెలుగు. సుపేలా బజారులో చెప్పింది అక్షరాలా నిజమైంది. పలకరింపు ఒకటైంది. పరబ్రహ్మం వేళ్ళు ముడిచి లెక్క పెట్టుకున్నాడు.

కాసేపటికి మళ్ళీ వచ్చింది.

"ఇలగ రా బాబూ... ఒక్కపాలి ఇలగ రా..."

రెండు.

ఇంక మూడోది రావాలి. వస్తే మనిషి. అతను ఎదురు చూశాడు. చెవులు రిక్కించి, దేవుళ్ళందరికీ మొక్కుకుని, మూడో పిలుపు కోసం పెళ్ళికొడుకు ముహూర్తం కోసం చూసినట్టు చూశాడు. ఐదు నిమిషాలు గడిచాయి... పది గడిచాయి...

రాలేదు.

పరీక్ష అయిపోయింది, ఫలితం తేలిపోయింది. పరబ్రహ్మం లేచి ఒక అడుగు వెనక్కి వేశాడు. కాలు క్యానుకి తగిలింది. సగం నిండిన క్యాను గుంటలోంచి జారి, రాళ్ళ మీద ధడధడమంటూ దొర్లి, ఎక్కడో పది గజాల కింద పొదలో ఆగింది. నీళ్ళన్నీ పోయాయి.

కిందనుంచి సన్నటి కేక ఒకటి వచ్చింది.

వెనక బండకి వీపు ఆనించి అతను అలాగే కూలబడ్డాడు. పారిపోదామంటే ఉన్నది ఒకటే బాట, అది గొంతు వినిపించిన చోటి మీదుగానే పోతుంది. తడుముకుంటే చేతికి రెండు రాళ్ళు తగిలాయి. బరువుగా ఉన్నాయి, ఇనపరాయే. చేతికొకటి పట్టుకున్నాడు. ప్రాణం కాస్త కుదుటపడింది.

అప్పుడు గుర్తొచ్చింది. ప్లాంటుకి వచ్చే ఈ రాయిలో నూటికి అరవై పాళ్ళే ఇనుము. మిగతా నలభై పాళ్ళూ మట్టీ మశానమూ. అన్నేళ్ళు అరుగు మీద ఉపన్యాసాలిచ్చాడు గానీ, ఆ నలభై పాళ్ళ మీద దెయ్యం హాయిగా కాలు పెట్టొచ్చని ఎప్పుడూ ఆలోచించలేదు.

కింద రోడ్డు మీద హారన్ మోగింది. ఆ తర్వాత పోలయ్య గొంతు. "సారూ!... సారూ!... పరబ్రహ్మం సారూ!"

మూడుసార్లు పిలిచాడు. అంటే నిజంగా పోలయ్యే. కానీ పలికితే, తను ఎక్కడున్నాడో లోయలో ఉన్నదానికి తెలిసిపోదూ? పరబ్రహ్మం నోరు గట్టిగా మూసుకున్నాడు. పోలయ్య కాసేపు చూశాడు. ఊట సారుని మింగేసిందని తేల్చుకుని, లారీ తిప్పుకుని గనుల వైపు వెళ్ళిపోయాడు.

ఇక మిగిలింది ఇద్దరే. పైన అతను, కింద అది.

చిన్నప్పుడు నేర్చిన శ్లోకాలన్నీ మొదలుపెట్టాడు. ఏ శ్లోకమూ సగం దాటి రాలేదు. వచ్చినంతవరకే గొణుక్కుంటూ, మళ్ళీ మొదటికి వచ్చేవాడు. ఆ గొణుగుడు మధ్యలో కిందనుంచి కూడా ఏదో గొణుగుడు వినిపించింది. చెవి పెట్టి విన్నాడు.

"తల్లీ పైడితల్లమ్మా... కాపాడు తల్లీ..."

భాష నేర్చుకుంది సరే... తమ ఊరి అమ్మవారి పేరు కూడా వాకబు చేసి పెట్టుకుందే!

రాత్రంతా అలాగే గడిచింది. భయంలో కూడా ఒక బాధ మాత్రం అతన్ని వదల్లేదు. నీళ్ళు తన మోచేతి పక్కనే పారుతున్నాయి. క్యాను పది గజాల దూరంలో ఉంది. అక్కడ ప్రసూన ఎండిన పెదాలు తడుపుకుంటూ తలుపు వైపు చూస్తూ ఉంటుంది. లేచి క్యాను తెచ్చుకుంటే చాలు. లేవలేకపోయాడు. బిడ్డ కన్నా తన ప్రాణమే ఎక్కువైందా అని తనని తను తిట్టుకున్నాడు, కానీ అలాగే కూర్చున్నాడు.

తెల్లవారింది.

మెల్లగా అంచు దాకా పాకి తొంగి చూశాడు. ఏడెనిమిది అడుగుల కింద, రాళ్ళ మధ్య ఒక ఆడమనిషి. తల నుంచి కాళ్ళ దాకా ఎర్రమట్టి. పక్కన పగిలిన కుండ పెంకులు. ముందు పాదాలు చూడాలని పెద్దలు చెప్పారు కదా, చూశాడు. ఒక పాదం తిన్నగానే ఉంది. రెండోది పక్కకి తిరిగి ఉంది. దీన్ని ఏ లెక్కలో వేసుకోవాలో అతనికి తెలియలేదు.

ఆమె కూడా అతన్నే చూస్తోంది, కళ్ళు ఇంతింత చేసుకుని.

"నువ్వు... మనిషివేనా?" అన్నాడు పరబ్రహ్మం.

"నాను మనిసినే. నువ్వేటి?"

"ఫోర్‌మన్ని."

ఆ జవాబు విని ఆమె ఏమనుకుందో గానీ, భోరున ఏడ్చింది. పేరు పైడమ్మ. బొబ్బిలి దగ్గర పల్లె. గనుల్లో రాళ్ళు కొట్టే పని. పనయ్యాక నీళ్ళకి వచ్చి, మసకచీకట్లో కాలు జారి పడిపోయింది. మడమ విరిగింది. పైన అలికిడి వింటే మనిషనుకుని పిలిచింది.

"మరి మూడోసారి ఎందుకు పిలవలేదు?" అని అడిగాడు పరబ్రహ్మం. గొంతులో నిష్ఠూరం కూడా పలికిందట.

"రొండుపాల్లు పిలిస్తే ఉలకనోడు, పలకనోడు మనిసెలగవుతాడు బాబూ? మూడోపాలి పిలిస్తే మీదకి వొచ్చీయడా? అంతలోకి ఏదో ధడధడా దొర్లించీసినావు. ఆ మీదట రాత్రల్లా ఏటో గొణుగుడు... ఓలమ్మో, నాకింక తెల్లారదనుకున్నాను!"

పరబ్రహ్మం తల దించుకున్నాడు. ఒకే సీమ వాళ్ళు, ఒకే నమ్మకం. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు దెయ్యం అనుకుని, పిలుపు దూరంలో రాత్రంతా వణుకుతూ కూర్చున్నారు. అందులో ఒకరికి కాలు విరిగింది. రెండోవాడికి ఏమీ విరగలేదు, అయినా కదల్లేదు. ఈ ముక్క చెప్పేటప్పుడు మాత్రం పరబ్రహ్మం నవ్వేవాడు కాదు.

అతను దిగి వెళ్ళి ఆమెను లేవదీసి, ఊట దగ్గర కూర్చోబెట్టి దోసిలితో నీళ్ళు పట్టాడు. తనూ తాగాడు. పళ్ళు జిల్లుమనేంత చలవ, చివర్న నాలిక మీద లీలగా ఇనుము రుచి. ఎందుకొచ్చావని పైడమ్మ అడిగితే సంగతంతా చెప్పాడు.

"నా కాలుకేటి, ఇరిగిందెలగూ ఇరిగింది. ముందు నీ ఇంటిదానికి నీళ్ళు పట్టుకో బాబూ" అంది.

సొట్టలు పడ్డ క్యాను వెతికి తెచ్చి నింపాడు. ఒక చేత్తో క్యాను, వీపు మీద పైడమ్మ. సగం దూరం దిగేసరికి పోలయ్య ఎదురొచ్చాడు, నలుగురు మనుషులూ నాలుగు కర్రలూ వెంటేసుకుని. ఎర్రమట్టి కొట్టుకుని, రెండు తలలతో కొండ దిగుతున్న ఆకారాన్ని చూసి ఐదుగురూ వెనక్కి తిరిగి పరుగో పరుగు. వాళ్ళని ఆపి వెనక్కి రప్పించడానికి పరబ్రహ్మం మూడుసార్లు పిలవాల్సి వచ్చింది. పైడమ్మని గనుల ఆస్పత్రిలో చేర్చి, కట్టు కట్టేదాకా ఉండి, మధ్యాహ్నానికి బయల్దేరాడు.

దారి పొడుగునా లారీలో ఒకటే ఊహ. ఈ కథ ప్రసూనకి ఎలా చెప్పాలి, ఎక్కడ నవ్వించాలి? ముందు ఒక గ్లాసు తాగించి, ఇమిడిందాకా ఆగి, అప్పుడు చెప్పాలి. ఫోర్‌మన్నన్న ముక్క దగ్గర తప్పకుండా నవ్వుతుంది. ఆమె నవ్వి మూడు నెలలైంది.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టేవేళ అయింది. ప్రసూన గుమ్మంలోనే కూర్చుని జడ వేసుకుంటోంది. మొహం తేటగా ఉంది. పరబ్రహ్మం క్యాను ఎత్తి చూపించాడు.

"అయ్యో, మళ్ళీ తెచ్చారా?" అంది ప్రసూన. "రాత్రి పంపినవే ఇంకా ఉన్నాయి కదండీ."

పరబ్రహ్మం గడప దాటలేదు.

"రాత్రి... ఎవరు తెచ్చారు?"

"అదేమిటండీ, మీరే పంపారుగా? ఎవరో ఆడమనిషి. మన వైపు మనిషే, మాట తెలిసిపోలా! కామాక్షమ్మగారు మంచి నిద్రలో ఉన్నారు, నేనే తలుపు తీశాను. తన కుండలో నీళ్ళు మన బిందెలో పోసి, దగ్గర కూర్చుని తాగించింది. పొద్దున్నుంచి ఐదు గ్లాసులు తాగానండీ, ఒక్క చుక్క బయటికి రాలేదు."

"ఎన్ని గంటలకి?"

"పదవుతుందేమో."

పదింటికి తను ఎక్కడున్నాడో పరబ్రహ్మానికి బాగా తెలుసు. కొండ మీద, చేతికొక రాయి పట్టుకుని. పోలయ్య లారీ గనుల్లోనే ఉంది. పైడమ్మ రాళ్ళ మధ్య పడి ఉంది. మధ్యలో యాభై అయిదు మైళ్ళు.

లోపలికి వెళ్ళి బిందె మూత తీశాడు. చెయ్యి ముంచాడు. మే నెల ఎండకి రోజంతా కాగిన ఇంట్లో, ఆ నీళ్ళు వేళ్ళు కొంకర్లు పోయేంత చల్లగా ఉన్నాయి. ఒక చుక్క నాలిక మీద వేసుకున్నాడు... లీలగా ఇనుము రుచి.

"ఏమిటండీ అలా నిలబడిపోయారు? పాపం మంచి మనిషి" అంటూ ప్రసూన వెనకే వచ్చింది. "నా కడుపు మీద చెయ్యేసి ఎన్నో నెలని అడిగింది. నాలుగన్నాను. ఈసారి ఏమీ కాదులే అమ్మా, పురుడు పొయ్యడానికి నేనొస్తానంది. నిన్నెక్కడికని కబురు చెయ్యనే అంటే, నవ్వి..."

"నవ్వి?"

"నువ్వు పిలవక్కర్లేదులే, నేనే వస్తానంది."